ముళ్ళు లేని పాలబొంత

నేను తోడికోడలిగా బతికింది ఒక్క వేసవి. అది కూడా భూగోళానికి దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ వేసవి, అంటే డిసెంబరులో వచ్చానంటూ, స్వెట్టరు విప్పనివ్వకుండానే ఫిబ్రవరిలో వెళ్ళిపోయేది. ఆ వేసవికి మా అత్తయ్య కోటేశ్వరమ్మగారు మా ఇంటికి వచ్చింది. ఒక పెట్టెలో పచ్చళ్ళు, పొడులు, రెండో పెట్టెలో రెండు పట్టుచీరలు తెచ్చింది. మామిడిపండు రంగు చీర వచ్చిన రోజే నా చేతిలో పెట్టింది. ఆకుపచ్చ చీరని పెట్టెలోనే ఉంచి తాళం వేసింది.

ఆ చీర ఎవరికో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం అడగలేదు.

మా మరిది భార్గవ్ జెనలిన్‌ని పెళ్ళి చేసుకుని అప్పటికే ఏడాది దాటింది. పెళ్ళంటే రిజిస్ట్రారు ముందు సంతకాలు. సాక్షులం నేనూ, మా ఆయన రోహిత్. జెనలిన్‌ది ఫిలిప్పీన్స్‌లో డగుపాన్ అనే ఊరు. ఇక్కడ ముసలివాళ్ళ రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌గా పనిచేసేది. అన్నదమ్ములిద్దరూ కలిసి కొనుక్కున్న ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం. అత్తయ్య వీడియో కాల్ చేసినప్పుడల్లా వెనకాల జెనలిన్ అటూ ఇటూ తిరుగుతూ కనబడేది.

"ఎవర్రా ఆ పిల్ల?" అని అడిగేది అత్తయ్య.

"ఫ్లాట్‌మేట్ అమ్మా. ఖర్చు కలిసొస్తుందని ఉంచుకున్నాం" అనేవాడు మా మరిది. ఊళ్ళో తెలుగువాళ్ళకీ అదే మాట.

ధైర్యంలో మా ఇంటి మగవాళ్ళు ఒకరిని మించినవాళ్ళొకరు. ఏడాది పాటు పెళ్ళాన్ని ఫ్లాట్‌మేట్ అని చెప్పిన మనిషి, తల్లికి విమానం టికెట్ కొన్నాక ఇక దాగదని నిజం చెప్పాడు. అత్తయ్య అరవలేదు, ఏడవలేదు, ప్రయాణం మానుకోనూ లేదు. "వచ్చి చూస్తాను" అంది. ఆవిడ వచ్చి చూడ్డానికే ఆ ఆకుపచ్చ చీర. నచ్చితే తిరిగి వెళ్ళేముందు ఊళ్ళో తెలుగువాళ్ళందరినీ భోజనానికి పిలిచి, వాళ్ళ ముందు బొట్టు పెట్టి, చీర పెట్టి, నా చిన్న కోడలు అని చెబుతుంది. నచ్చకపోతే చీర పెట్టెలోనే తిరిగి వెళుతుంది.

జెనలిన్‌కి అప్పుడు మూడో నెల. తల్లి ఎప్పుడో పోయింది. "ఆతే, నా బిడ్డకి ఒక్క నానమ్మయినా ఉండాలి" అని నాతో అనేది. ఆతే అంటే వాళ్ళ భాషలో అక్క. ఆ పిల్లకి కావలసింది పట్టుచీర కాదు, నా కోడలు అన్న ఆ ఒక్క మాట. నాకది మొదటి రోజు నుంచీ తెలుసు.

ఎయిర్‌పోర్టులో మొదటి తప్పు జరిగింది. పెద్దవాళ్ళు ఎదురైతే వాళ్ళ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోవడం ఫిలిప్పీన్స్‌లో మర్యాద. జెనలిన్ అలాగే అత్తయ్య చెయ్యి పట్టుకుని తల వంచింది. అత్తయ్య చెయ్యి వెనక్కి లాక్కుని, చీరకి తుడుచుకుంది. భార్గవ్ సామాను ట్రాలీ సర్దుతూ ఉండిపోయాడు.

మొదటి రెండు వారాలూ జెనలిన్ వండినది అత్తయ్య ముట్టలేదు. ఆ పిల్ల పొయ్యి దగ్గర ఉంటే వంటింట్లోకి వచ్చేది కాదు. "నీరూ, నాకు నువ్వే ఇంత పడెయ్యమ్మా" అనేది. షుగర్ ఉన్న మనిషి. అయినా మూడు పూటలా అన్నం, నూనెలో తేలే వేపుడు, పైన ఆవకాయ. గ్లూకోమీటర్ పెట్టి చూస్తే అంకె చూసి నేను భయపడేదాన్ని. ఆవిడ భయపడేది కాదు.

ఒక శనివారం ఎండ కాసింది. ఇక్కడ ఎండ కాస్తే చుట్టాలొచ్చినంత హడావుడి. గాలి తగలకుండా గ్యారేజీ వెనక జెనలిన్ సగానికి కోసిన ఇనుప డ్రమ్ములో బొగ్గులు రాజేసింది. పొద్దున్న నుంచీ ఆ గ్యారేజీలోనే బల్ల ముందు కూచుని, చేపల్ని వీపు వైపు నుంచి చీల్చి, నడిముల్లు తీసి, కనుబొమలు తీర్చుకునే ట్వీజర్ లాంటి దానితో కండలోని సన్న ముళ్ళు ఒక్కొక్కటే లాగింది. టమాటా, ఉల్లిపాయ, అల్లం తరిగి లోపల కూరి, పొలుసు తియ్యకుండానే అరిటాకులో చుట్టి బొగ్గుల మీద పెట్టింది. అరిటాకు కూడా చేపలాగే ఫిలిప్పీనో షాపులో ఫ్రీజర్ నుంచి వచ్చినదే.

పొగకి అత్తయ్య శాలువా కప్పుకుని బయటికి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను.

"ఏం చేపే అది?"

"పాలబొంత అత్తయ్యా. వీళ్ళు బంగుస్ అంటారు."

"పాలబొంతా? ఒళ్ళంతా ముళ్ళేగా దానికి. పోనీ పులుసన్నా పెట్టక, చింతపండుకి కరువొచ్చినట్టు కాలుస్తోందేంటి?"

నేను ఆ మాటని కొంచెం మెత్తగా చేసి ఇంగ్లీషులో చెప్పాను. జెనలిన్ నవ్వి, ఆకు విప్పి, పొట్ట దగ్గరి కొవ్వు ముక్కని చేత్తోనే విడదీసి, నిమ్మరసంలో ముంచి అత్తయ్య ముందు పెట్టింది. చేపలో ఆ ముక్కే రుచి. వాళ్ళిళ్ళల్లో దాన్ని పెద్దవాళ్ళకో, చాలాకాలానికి ఇంటికి వచ్చినవాళ్ళకో పెడతారు. ఆ సంగతి కూడా చెప్పాను.

అత్తయ్య చాలాసేపు ఆ ముక్క వంక చూసింది. తర్వాత నోట్లో పెట్టుకుంది. నమిలింది. నాలుకతో వెతికింది.

"ముళ్ళేవే?"

"పొద్దున్న నుంచీ కూచుని తీసేసింది అత్తయ్యా, మీకోసం."

"పోవే. పాలబొంత ముళ్ళు బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. ఈ దేశపు పాలబొంతకి ముళ్ళుండవల్లే ఉంది" అంది. అని, రెండో ముక్క తనే తీసుకుంది.

అదిగో, అప్పటి నుంచి మా ఇంట్లో బొగ్గుల డ్రమ్ము చల్లారలేదు. వారానికి మూడు రోజులు చేప. నూనె లేదు, వేపుడు లేదు, చింతపండు లేదు. కాల్చిన చేప, గుప్పెడు అన్నం, టమాటా ముక్కలు. రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళకి పళ్ళేలు పెట్టి పెట్టి జెనలిన్‌కి ఎవరికెంత అన్నం పెట్టాలో కంటితోనే తెలుసు. చేపలో గుండెకి మంచి చేసే కొవ్వుంటుందని, అరగడం తేలికని, కడుపులో బిడ్డకీ నానమ్మకీ ఒకటే పళ్ళెం పనికొస్తుందని చెప్పేది. జనవరి మధ్యకల్లా అత్తయ్య షుగర్ దిగింది. సాయంత్రాలు వీధి చివరిదాకా నడిచి వచ్చేది. "జానకీ" అని పిలవడం మొదలుపెట్టింది. జెనలిన్ అనడం నోరు తిరగక జానకి చేసుకుంది. నాకు కొంచెం మంట పుట్టలేదని కాదు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు. పదేళ్ళ నుంచీ కోడల్ని, నాకెప్పుడూ పెట్టని ముద్దుపేరు ఏడాది కోడలికి పెట్టింది.

ఒక సాయంత్రం డ్రమ్ము చుట్టూ మేం ముగ్గురమే ఉన్నాం. ఇక్కడ వేసవిలో తొమ్మిది దాటినా వెలుతురు పోదు. జెనలిన్ వాళ్ళ ఊరి సంగతి చెబుతోంది. వాళ్ళ నాన్న చేపల చెరువులో కూలి. పండగ రోజున వీధి పొడుగునా కుంపట్లు పెట్టి ఈ చేపే కాలుస్తారట. దారిన పోయేవాడికి కూడా ఆకులో పెట్టి ఇస్తారట. సముద్రాలు దాటి వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తే ఇంట్లో ముందు బొగ్గులు రాజేస్తారట. ఆ పొగ చూసి ఇరుగుపొరుగు పిలవకుండానే వస్తారట.

నేను తెలుగు చేసి చెబుతున్నాను. అత్తయ్య నిప్పుల వంక చూస్తూ వింటోంది. ఉన్నట్టుండి అంది.

"మా నాన్న కూడా కాల్చేవోడు."

నాకు అర్థం కాలేదు. మా పెళ్ళినాటికే మా మామయ్య రాజారావుగారికి కైకలూరు దగ్గర ఎకరాల కొద్దీ చెరువులు. అత్తయ్య కూడా అలాంటి ఇంటి నుంచే వచ్చిందని అందరం అనుకునేవాళ్ళం. మా ఆయన కూడా అలాగే అనుకునేవాడు.

"కొల్లేటి గట్టున కామందుల చెరువుకి కాపలా ఉండేవోడు మా నాన్న. గట్టు మీదే పాక. వలలో చిక్కి చచ్చినియ్యి, చితికినియ్యి మాకు వదిలేసేవోరు. పులుసెట్టడానికి నూనేది, చింతపండేది? తాటాకు మంటలో ఏసి, ఉప్పు రాసి పెట్టేవోడు. పొట్ట ముక్క నాకే. మా అన్నలు ఏడ్చినా నాకే." డ్రమ్ము మీది చేప చూపించి, "ఇట్టాగే ఉండేది" అంది.

ఆవిడ నోట ఆ యాస నేను వినడం అదే మొదటిసారి. మామూలుగా నలుగురిలో ఉన్నప్పుడు పుస్తకంలా మాట్లాడుతుంది. జెనలిన్‌కి అంతా చెప్పాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని, అత్తయ్య చెయ్యి అందుకుంది. ఈసారి అత్తయ్య చెయ్యి లాక్కోలేదు. తనే కొంచెం పైకెత్తి ఆ పిల్ల నుదుటికి తగలనిచ్చింది.

మర్నాడు పెట్టె తాళం తీసి, ఆకుపచ్చ చీర ఒళ్ళో పరుచుకుని నన్ను పిలిచింది.

"జానకి రంగుకి ఇది నప్పుతుందంటావా?"

"నప్పుతుంది అత్తయ్యా."

"జాకెట్టు కుట్టించు. ఆ భోజనాల రోజున పెడతాను."

నేను వెళ్ళి జెనలిన్‌కి చెప్పాను. ఆ రోజంతా ఆ పిల్ల ఇల్లు తుడుస్తూనే ఉంది.

భోజనాలు ఫిబ్రవరి మొదటి ఆదివారం. మా ఊళ్ళో తెలుగువాళ్ళు కొద్దిమందే. చదువుకోడానికి వచ్చి ఉండిపోయిన పిల్లలు, నాలుగైదు కుటుంబాలు. వాళ్ళకి పెద్దదిక్కు శ్రీనివాసమూర్తిగారు, ఆయన భార్య లక్ష్మిగారు. లక్ష్మిగారిది కొల్లేటి పక్కన ఆకివీడు. వాళ్ళ తాతగారి చెరువుల సంగతి ఆవిడ ఏదో ఒక వంకన తేకుండా ఉండదు.

ముందురోజు అత్తయ్య నాతో, "రేపు ఆ కాల్చిన చేప వద్దని చెప్పు. నలుగురూ వచ్చే రోజు బాగోదు" అంది. చెప్పాను. జెనలిన్ నవ్వేసింది. "నాకు శ్రమ అవుతుందని అలా అంటున్నారు ఆతే. మా ఇళ్ళల్లో కూడా పెద్దవాళ్ళు ముందు వద్దనే అంటారు. వద్దన్నా చెయ్యాలి" అంది. కాదు, నిజంగానే వద్దంటోంది అని మళ్ళీ చెప్పాను. చేప లేకుండా పండగ ఎలా అవుతుందో ఆ పిల్లకి అర్థం కాలేదు. తెల్లారేసరికి గ్యారేజీలో ట్వీజర్ పట్టుకుని కూచుంది.

పులిహోర, గుత్తివంకాయ, కోడికూర, గారెలు. వాటి పక్కన ఆకుల్లో చేపలు. ఎవరు తింటారులే అనుకున్నాను గాని, వంకాయ కంటే ముందు చేపలే అయిపోయాయి. గుండెకి స్టెంటు వేయించుకున్న శ్రీనివాసమూర్తిగారు, "ఇదమ్మా తినాల్సింది, డాక్టర్ నాకు చెప్పింది ఇదే" అంటూ రెండోది విప్పారు. లక్ష్మిగారు వేళ్ళు నాకుతూ అత్తయ్య పక్కన కూచుంది. జెనలిన్ బొట్టు పెట్టుకుని, నేను కుట్టించిన ఆకుపచ్చ జాకెట్టు మీద నా పాత చీర కట్టుకుని ఉంది. కొత్త చీర కోసం ఎదురుచూస్తోంది.

"చేప అద్భుతంగా ఉంది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని లక్ష్మిగారు ఇంగ్లీషులో అడిగింది.

జెనలిన్ మొహం వెలిగిపోయింది. అత్తయ్య భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. "మా నాన్న దగ్గర. అత్తయ్యగారు కూడా వాళ్ళ నాన్న దగ్గరే. ఆయన వేరేవాళ్ళ చెరువుకి కాపలా ఉండేవారు, మా నాన్న వేరేవాళ్ళ చెరువులో పనిచేసేవారు. మేమిద్దరం ఒకే రకం పిల్లలం."

వాళ్ళ దేశంలో అది గొప్పగా చెప్పుకునే మాట. కష్టపడి పైకొచ్చినవాళ్ళని అందరూ మెచ్చుకుంటారు. మన దగ్గర ఏరు దాటాక ముందు తెప్ప తగలేస్తాం. ఆ సంగతి ఆ పిల్లకి ఎవరు చెబుతారు?

"అలాగా?" అంది లక్ష్మిగారు తెలుగులోకి తిరిగి. "మీ నాన్నగారు కాపలా కాసింది ఎవరి చెరువు ఆంటీ? మా తాతగారివీ ఆ చుట్టుపక్కలే."

అత్తయ్య భుజం మీది చేతిని తీసి పక్కన పెట్టింది.

"ఆ అమ్మాయికి మన భాష రాదమ్మా. ఏదో విని ఏదో చెబుతోంది. మా నాన్నగారికి సొంత చెరువులే ఉండేవి. అయినా కాల్చిన చేప నేనెప్పుడు తిన్నాను? వాసనే పడదు నాకు."

"ఇంతకీ అమ్మాయి ఎవరాంటీ? భార్గవ్‌కి ఏమన్నా..."

"ఫ్లాట్‌మేట్" అంది అత్తయ్య.

అంతకుముందు మాటలన్నీ తెలుగు కాబట్టి జెనలిన్‌కి అర్థం కాలేదు. ఈ ఒక్కమాట అయింది. భార్గవ్ వంక చూసింది. మా మరిది డ్రమ్ము దగ్గర నిలబడి, తిప్పక్కర్లేని చేపని తిప్పుతున్నాడు.

"నా తోడికోడలు, లక్ష్మిగారూ" అన్నాను నేను, అందరికీ వినబడేట్టే. "భార్గవ్ భార్య. నాలుగో నెల వెళ్ళి ఐదో నెల వచ్చింది."

"నీరూ, లోపల్నుంచి పెరుగు తీసుకురా" అన్నాడు మా ఆయన. పెరుగు బల్ల మీదే ఉంది. ఆ మాటతో ఎవరో నవ్వారు, ఇంకెవరో ఇళ్ళ ధరల సంగతి ఎత్తారు, నా మాట అందులో పోయింది. కోడలి మాట అత్త మాట ముందు ఎంతసేపు నిలుస్తుంది?

కాసేపటికి అత్తయ్య కుంకుమ భరిణె, ఆకుపచ్చ చీర పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. జెనలిన్ లేచి నిలబడింది. ఆ మాట విన్నాక కూడా లేచి నిలబడింది. అత్తయ్య ఆ పిల్లని దాటుకుని వెళ్ళి లక్ష్మిగారికి బొట్టు పెట్టి, చీర చేతిలో పెట్టింది.

"మా పిల్లలకి ఈ దేశంలో మీరే పెద్దదిక్కు" అంది.

జెనలిన్ వెళ్ళి బొగ్గుల మీద నీళ్ళు పోసింది. మిగిలిన చేపల్ని ఫాయిల్‌లో చుట్టి, వెళ్ళేవాళ్ళ చేతుల్లో తలో పొట్లం పెట్టింది. వాళ్ళ ఊళ్ళో చుట్టాలని వట్టి చేతులతో పంపరు. లక్ష్మిగారికి కూడా పెట్టింది. ఆవిడ ఆ పొట్లాన్ని చీర మీద పెట్టుకుని కారెక్కింది.

రెండు వారాలు తిరక్కుండా భార్గవ్, జెనలిన్ వెల్లింగ్టన్ శివార్లలో జాన్సన్‌విల్ వెళ్ళిపోయారు. వెల్లింగ్టన్‌లో గ్యారేజీ పని దొరికిందని భార్గవ్ అన్నాడు. పెట్టెలు సర్దుతూ నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మ మనసులో ఏం లేదు వదినా. ఆ టైంకి అలా వచ్చేసింది నోట్లోంచి."

"నీ నోట్లోంచి ఏమొచ్చింది?" అన్నాను.

పెట్టె జిప్పు లాగాడు.

ఆ రోజు తెలుగులో అన్నవన్నీ నేను చెప్పినా జెనలిన్ ఏడవలేదు. నాతో ఒక్కటే అంది. "ఆతే, నన్ను ఫ్లాట్‌మేట్ అన్నారు. పోనీ. వాళ్ళ నాన్న పొట్ట ముక్క తను తినకుండా ఆవిడకి పెట్టేవాడు కదా. ఆయన్ని కూడా లేదన్నారు."

గుమ్మం దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. జెనలిన్ దగ్గరికి రాగానే అత్తయ్య చెయ్యి అలవాటుగా కొంచెం లేచింది. జెనలిన్ తల వంచి, చెప్పులు వేసుకుని, కారు వైపు నడిచింది. లేచిన చెయ్యి అత్తయ్య శాలువాలోకి వెళ్ళిపోయింది. నాకు జాలి వెయ్యలేదు. వేస్తుందేమో అని చూశాను, వెయ్యలేదు.

అత్తయ్య ప్రయాణానికి ఇంకా వారం ఉంది. ఇంట్లో మళ్ళీ వేపుళ్ళు మొదలయ్యాయి. షుగర్ మళ్ళీ ఎక్కింది. ఆవిడకి ఆకలి వెయ్యడం మానేసింది. ఒకరోజు కిటికీ లోంచి గ్యారేజీ వైపు చూస్తూ, "నీకు రాదా అది?" అంది.

"ఏది?"

"అదేనే. చేప."

వెళ్ళి అదే షాపులో అదే చేప తెచ్చాను. డ్రమ్ము వాళ్ళతో వెళ్ళలేదు, కారులో పట్టలేదని వదిలేశారు. టమాటా, ఉల్లి, అల్లం కూరాను. ఆకు చుట్టాను. నాకు ఆ ట్వీజర్ పని రాదు. నేర్చుకోవాలనీ అనిపించలేదు. పళ్ళెం పట్టుకెళ్ళి ముందు పెట్టాను.

ఆవిడ తనే పొట్ట ముక్క విడదీసుకుని పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. ఒక్కసారి నమిలి ఆగిపోయింది. వేలు పెట్టి సన్న ముల్లు తీసింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి.

"ఇదేం చేపే?"

"అదే చేప."

"కాదు. దానికి ముళ్ళు లేవు."

"ఉన్నాయి అత్తయ్యా. పొద్దున్నే కూచుని తీసేది. నేను ఆ రోజే చెప్పాను మీకు."

ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని, కిటికీ దగ్గర వెలుతురులో కూచుని, కండ విప్పి ముళ్ళు ఏరడం మొదలుపెట్టింది. పళ్ళెం అంచున ముళ్ళు పోగవుతున్నాయి. చేప చల్లారిపోయింది. సగం కూడా తినలేకపోయింది.

అప్పుడే ఊరి నుంచి ఆవిడ తోడికోడలు సావిత్రి పిన్నిగారు ఫోన్ చేసింది. స్పీకర్‌లో గొంతు ఇల్లంతా వినబడింది. "ఏం అక్కా, ఆ దేశంలో మంచి చేపలుంటాయంట కదా. తింటున్నావా?"

అత్తయ్య గొంతు సవరించుకుంది. మాట మళ్ళీ పుస్తకంలోకి వచ్చింది.

"ఏం చేపలే అమ్మా, మనకి పడవు. అన్నీ ముళ్ళే" అంది.

నేను పళ్ళెం తీసుకెళ్ళి ముళ్ళు చెత్తబుట్టలో దులిపాను.